జక్కూరులో మధ్యాహ్నం కుదుపులు, స్టాల్ భయం: సమాధానం

విమానం ఒంటరిగా నడిపే సోలో అయ్యాక కూడా బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో మధ్యాహ్నం కుదుపులకు గుండె దడ, స్టాల్ (రెక్క విమానాన్ని గాల్లో నిలపలేకపోవడం) ప్రాక్టీస్ ఉందంటే ముందురాత్రి నిద్ర పట్టట్లేదు అని రాశారు కదండీ. మానెయ్యాలన్న ఆలోచన మాత్రం ఇప్పుడే వద్దు.

ఎండెక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి పైకి తన్నుతుంది. కాంక్రీటు మీద ఒకలా, జక్కూరు చెరువు మీద ఇంకోలా. పైగా బెంగళూరు దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది. ఎండలో గాలి మరీ పలచబడి విమానం నెమ్మదిగా ఎక్కుతుంది. అందులో లోపమేం లేదు. కొన్నాళ్లు పొద్దున్నే స్లాట్ అడగండి. కుదుపు రాగానే యోక్‌ని (విమానం నడిపే చేతి పిడిని) బిగించి పట్టేస్తాం, గొడవంతా అక్కడే. ట్రిమ్ (చేత్తో బలం పెట్టకుండానే ముక్కుని నిలిపే సర్దుబాటు) సరిచేసి యోక్‌ని బొటనవేలు, రెండు వేళ్లతో పట్టుకోండి. మీ శిక్షణ విమానం సెస్నా చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. ఊపిరి బిగబట్టి ఉంటే నెమ్మదిగా వదలండి.

స్టాల్ అంటే ఇంజిన్ ఆగడం కాదు, రెక్క గాలిని మరీ ఎక్కువ కోణంలో ఎదుర్కోవడం. ముక్కు దించితే రెక్క మళ్లీ పనిచేస్తుంది, దాంతోపాటే ఇంజిన్ పవర్ పెంచాలి. ఇంట్లో కుర్చీలో కూర్చుని, పైకి చెప్పుకుంటూ, చేతులు కదుపుతూ ఇదే చెయ్యండి. తర్వాత ఇన్‌స్ట్రక్టర్‌తో, తగినంత ఎత్తులో. భయమేస్తోందని ముందే చెప్పండి, అది నామోషీ కాదు. తెలిస్తేనే కదా మెల్లగా నేర్పేది.

నిద్రలేని రోజు డబ్బు పోయినా సరే, ఎగరొద్దు. నిద్రమాత్ర వేసుకుని అసలే వద్దు. ఏ మందైనా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కోసం మీ మెడికల్ పరీక్ష చేసే డాక్టర్‌ని అడిగాకే.