పేషెంటుతో మాట్లాడే ముందు పాలసీ చదువు

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ పేషెంటుకు మందు పదింతలు పడిందని తేలాక, ఆ సంగతి పేషెంటుకు చెప్పాలా వద్దా అని తర్జనభర్జన పడకు. చెప్పాలి. దాచిపెడితే, కేసు వెయ్యడానికి ఉండే కాలపరిమితి కూడా నీకు అక్కరకు రాదు. చాలా దేశాల్లో కావాలని దాచిన విషయం బయటపడ్డ రోజు నుంచే గడువు లెక్కిస్తారు.

పేషెంటు కుదుటపడగానే డాక్టరుగా నువ్వు తీసుకున్న ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి, అదే రోజు మెయిల్ కూడా పెట్టు. వాళ్ల జవాబు కోసం ఆగి, జరిగింది పేషెంటుకు చెప్పడం మాత్రం వాయిదా వెయ్యకు. ‘క్లెయిమ్స్ మేడ్’ పాలసీ అయితే క్లెయిమ్ వచ్చేనాటికి పాలసీ నడుస్తూ ఉండాలి. గొడవ రావచ్చని తెలిసీ చెప్పకుండా రెన్యూ చేయించుకుంటే, తర్వాత కంపెనీ డబ్బు ఇవ్వనని చేతులెత్తేయొచ్చు. చాలామంది చదవని షరతు ఇంకొకటుంది: కంపెనీ ఒప్పుకోకుండా నువ్వు బాధ్యత అంగీకరించకూడదు, పరిహారం ఇస్తానని మాటివ్వకూడదు. బిల్లు మాఫీ చేస్తానన్నా ఇందులోకి రావచ్చు, ముందే అడుగు.

ఇక మాట్లాడేటప్పుడు ఇలా చెప్పు: “ఒక మిల్లీగ్రాము మార్ఫిన్ ఇవ్వాల్సింది, పది ఇచ్చాం. అందుకే మీకు ఊపిరి మందగించింది. దానికి విరుగుడుగా నాలోక్సోన్ ఇచ్చాం, రాత్రంతా మానిటర్ మీద ఉంచుతాం. ఇలా జరిగినందుకు క్షమించండి.” అంతవరకు జరిగిందే చెప్పావు. “నా నిర్లక్ష్యమే” అనడం తీర్పు చెప్పడం. విచారణ తేలకుండా ఆ మాట అనకు. నర్సు మీదకు నెట్టడం ఇంకా చేటు.

క్షమాపణకు రక్షణ అన్నిచోట్లా ఒకేలా లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2006 నాటి చట్టం ప్రకారం క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం ఒప్పుకున్నట్టు కాదు. అదే ఏడాది కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, పాలసీలో ఏం రాసి ఉన్నా క్షమాపణ వల్ల బీమా దెబ్బతినదని చట్టం చేసింది. అమెరికాలో కొలరాడో తప్పు ఒప్పుకున్న మాటను కూడా కాపాడుతుంది; చాలా రాష్ట్రాలు సానుభూతి మాటతోనే ఆగిపోతాయి. నువ్వున్న చోట అలాంటి చట్టమే లేకపోతే, నీ ప్రతి మాటా కోర్టులో చదువుతారనుకునే మాట్లాడు.

కేస్‌షీటులో పాత రాత ముట్టుకోకు. మర్చిపోయింది రాయాలంటే కింద కొత్త ఎంట్రీగా, రాస్తున్న తేదీ, టైము వేసి రాయి. కంప్యూటర్ రికార్డయితే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో లాగ్‌లో ఉంటుంది. గెలవగలిగిన కేసు కూడా ఆ ఒక్క దిద్దుబాటుతో పోతుంది. లాయరుకు, ఇన్సూరెన్స్ వాళ్లకు రాసినవి కేస్‌షీటులో కలపకు, విడిగా ఫైల్ చెయ్యి.

విచారణ రిపోర్టు ఎప్పుడిస్తారో తేదీ చెప్పు. ఎవరితో మాట్లాడాలో వాళ్ల పేరు, నంబరు కాగితం మీద రాసివ్వు. ఆ తేదీకి రిపోర్టు రాకపోయినా నువ్వే ఫోన్ చెయ్యి.