పొద్దున్న మొదటి ఇరవై నిమిషాలు

చిరంజీవి అమ్మలుకి,

పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నువ్వు అన్న మాటలే మనసులో తిరుగుతున్నాయి. కళ్ళు తెరవగానే గుండె దడదడలాడుతోందనీ, బ్యాంకుకి చేరేసరికే సగం ఓపిక అయిపోతోందనీ అన్నావు. రాయగడలో కొత్త కాపురం, కొత్త ఉద్యోగం, ఇంట్లో తెలుగు, కౌంటర్లో ఒడియా. టెన్షన్ ఉండదని ఎలా అంటాను? కాకపోతే దాన్ని మంచం మీదే మొదలుపెట్టుకోనక్కర్లేదు.

ముందు ఫోన్ సంగతి. అలారం ఆపిన వేలే వాట్సాప్ తెరుస్తుంది. బ్రాంచి గ్రూపులో మెసేజ్ చూశావంటే ఇక డ్యూటీ ఎక్కినట్టే. బజార్లో చిన్న టేబుల్ గడియారం ఒకటి కొనుక్కో. ఫోన్ హాల్లో ఉండనీ. ఇదొక్కటీ గట్టిగా చెబుతున్నాను, మిగతావి నీ వీలు.

బ్రాహ్మీముహూర్తంలో లేవాలంటారు. అది సూర్యోదయానికి గంటా ముప్పై ఆరు నిమిషాల ముందు మొదలవుతుంది. మన వైపు జూన్‌లో ఐదుంపావు దాటగానే పొద్దు పొడుస్తుంది, ఆ లెక్కన నాలుగు కొట్టకముందే లేవాలి. రాత్రి పదకొండింటికి పడుకునేదానివి, నీకు అది వద్దు. నిద్ర చెడగొట్టుకుని చేసే యోగా నాకు నచ్చదు. ఐదున్నరకి లే, చాలు.

మొహం కడుక్కుని, గోరువెచ్చని నీళ్ళు తాగి, దుప్పటి నాలుగు మడతలు వేసి దాని అంచు మీద కూర్చో. తుంటి కాస్త ఎత్తులో ఉంటే మోకాళ్ళు కిందికి దిగుతాయి, వెన్ను నిలబెట్టడం తేలికవుతుంది. పతంజలి ‘స్థిరసుఖమాసనం’ అన్నాడు. కదలకుండా, సుఖంగా కూర్చోవడమే ముఖ్యం, పద్మాసనమే వెయ్యాలని లేదు. కాళ్ళు తిమ్మిరెక్కితే కుర్చీలో కూర్చో.

ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడు, నీకే తెలుస్తుంది. వదిలేది పొడవుగా ఉండాలనేది అందుకే. భుజాలు పైకి లేస్తున్నాయంటే బలవంతంగా పీలుస్తున్నావని. పొట్ట మెల్లగా ఉబ్బి, మెల్లగా దిగాలి. ఆలోచనలు వస్తాయి, రానీ. మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టు. ఇలా ఐదు నిమిషాలు. తర్వాత మూడు సూర్యనమస్కారాలు, పన్నెండు భంగిమలూ తొందర లేకుండా. మీ అత్తగారు కూడా చేస్తానంటే సంతోషమే. ఆవిడకి బీపీ ఉంది కాబట్టి ఊపిరి బిగబట్టడం, తల కిందికి వంచడం వద్దని చెప్పు.

పూజకి ముందు సంకల్పం చెప్పుకుంటాం కదా, ఎక్కడున్నాం, ఏ తిథి, ఎవరం, ఏం చేయబోతున్నాం అని. దుప్పటి మీంచి లేచే ముందు నీ రోజుకీ అలాగే ఒకటి చెప్పుకో. ‘ఈ రోజు ప్రశాంతంగా ఉంటాను’ అని మాత్రం అనుకోకు. మధ్యాహ్నం ఎవరో అరిస్తే అది కాస్తా పోతుంది, పైగా నీ మీద నీకే కోపం వస్తుంది. చేతికందే పని ఒకటి ఎంచుకో. కొండల మీంచి కువి మాట్లాడే పెద్దవాళ్ళు పింఛను కోసం వస్తారన్నావు. ‘వాళ్ళ మాట అర్థం కాకపోతే విసుక్కోకుండా ఇంకోసారి అడుగుతాను’ అనుకో. అది చేయగలవు, చేశావో లేదో సాయంత్రం తెలుస్తుంది కూడా.

ఆ తర్వాత చోడి అంబలో, ఇడ్లీయో, ఏదో ఒకటి కూర్చుని తిను. నిలబడి మింగొద్దు. ఒకరోజు కుదరకపోతే ఆటోలో కూర్చునైనా నాలుగు–ఆరు లెక్క చేసుకో. ఇవన్నీ చేస్తున్నా రెండు మూడు వారాలకీ దడ తగ్గకపోయినా, నిద్ర పట్టకపోయినా డాక్టరుకి చూపించుకోవాలి, దాచిపెట్టొద్దు.

నువ్వు కూర్చున్న ఆ ఇరవై నిమిషాలూ పాలు కాచడం, కుక్కర్ పెట్టడం మీ ఆయన చూసుకోవాలి. నువ్వు అడగడానికి మొహమాటపడతావని తెలుసు, ఆదివారం నేనే ఫోన్ చేసి అల్లుడితో మాట్లాడతాను.

మీ మావయ్య