తొలి ట్రాప్ కేసు చేతికొచ్చిన జూనియర్‌కు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) ప్రత్యేక కోర్టులో, లంచం తీసుకుంటుండగా వల పన్ని పట్టుకున్న ట్రాప్ కేసులో వకాలతు వేశావని విని సంతోషించాను. కానీ ఫోనులో నువ్వు అడిగిన మొదటి ప్రశ్న నాకు నచ్చలేదు. ‘ఫిర్యాది హోస్టైల్ అయితే, అంటే కోర్టులో మాట మార్చేస్తే, కేసు పోయినట్టే కదా సార్?’ అన్నావు. ఒకప్పుడు మా బార్‌లో చాలామంది ఆ ఒక్క ఆశ మీదే ట్రాప్ కేసులు పట్టేవారు. నేనూ కొన్నాళ్లు అలాగే పట్టాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ ఆశ ఎక్కడ పుట్టిందో, ఎక్కడ పోయిందో తెలుసుకో. కథ మొదలైంది మన ఉమ్మడి రాష్ట్రంలోనే. 2000 డిసెంబరులో నరసింగరావు కేసు వచ్చింది. పాల శీతలీకరణ కేంద్రం మేనేజరు. ఫిర్యాది ఎదురుతిరిగాడు, అయినా సుప్రీంకోర్టు శిక్ష ఖాయం చేసింది. నోట్లు జేబులో బలవంతంగా కుక్కారన్న మాట ఎవరూ నమ్మలేదు. 2014లో జయరాజ్ కేసు, 2015లో సత్యనారాయణమూర్తి కేసు దానికి భిన్నమైన దారి పట్టాయి. ఒకదానిలో ఫిర్యాది ఎదురుతిరిగాడు, మరొకదానిలో విచారణకు ముందే చనిపోయాడు. డిమాండ్, అంటే లంచం అడగడం, రుజువు కానప్పుడు డబ్బు దొరికినంత మాత్రాన నేరం కాదని చెప్పి ఇద్దరినీ వదిలేశారు. ఈ తేడా తేల్చడానికే అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూర్చుంది. నీరజ్ దత్తా కేసులో 2022 డిసెంబరు 15న తీర్పు వచ్చింది. డిమాండ్, స్వీకరణ రెండూ రుజువు కావలసిందే. అయితే ఫిర్యాది చనిపోయినా, మాట మార్చినా మిగతా సాక్ష్యంతో, పరిస్థితులతో వాటిని రుజువు చేయవచ్చు. అంటే నీ పాత ఆశకు తలుపు మూసుకుంది. కానీ ఆ తీర్పు తర్వాత, 2023 మార్చిలో, అదే నీరజ్ దత్తా నిర్దోషిగా బయటికి వచ్చింది. ఆ పరిస్థితుల సాక్ష్యం డిమాండ్‌ను నిలబెట్టలేకపోయింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదువు. నీ పని ఎక్కడుందో కనిపిస్తుంది.

గులాబీ రంగు నీళ్ల సీసాలతో మాత్రం కుస్తీ పట్టకు. ఫినాఫ్తలీన్ పూసిన నోటు ముట్టుకున్న చేతిని సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే రంగు మారుతుంది. అది రసాయనం, దానితో వాదం పెట్టుకుని ఏం లాభం? చేతికి పొడి అంటిందని తప్ప అది ఇంకేమీ చెప్పదు. డబ్బు ఎందుకు చేతిలోకి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం సీసాలో దొరకదు.

ఏసీబీ సాక్షులుగా వెంట తెచ్చుకునే మధ్యవర్తుల నివేదికలు రెండూ ముందు పెట్టుకో. ట్రాప్‌కు ముందుది, తర్వాతది. మన దగ్గర చాలా ట్రాపుల్లో మధ్యవర్తులు బయట సైగ కోసం నిలబడి ఉంటారు, ఫిర్యాది ఒక్కడే లోపలికి వెళ్తాడు. గదిలో నీ క్లయింటు డబ్బు అడిగాడని చెప్పగలిగేది ఎవరు? రికార్డర్ పెట్టారా? పెడితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన సర్టిఫికెట్ ఉందా, సంభాషణ మొదటి నుంచి చివరి దాకా ఉందా అని చూడు. మొదటి ఫిర్యాదులో డిమాండ్ ఏ రోజు, ఎక్కడ, ఎవరి ముందు జరిగిందని రాశారో, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలంలో ఏమన్నారో వరుసలో రాసుకో. తేదీల్లో తేడా ఉంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో కేకలు వేయనక్కరలేదు, నెమ్మదిగా అడిగితే చాలు.

తర్వాత నీ క్లయింటు ఆఫీసు ఫైలు. ఇది అందరూ ఆఖరున చూస్తారు, నువ్వు మొదట చూడు. ట్రాప్ రోజుకు ఆ పని అతని దగ్గర పెండింగులో ఉందా? నా క్లయింటు ఒక సర్వేయరు. ఫైలు తన దగ్గరే ఉందని కంగారులో తనే ఏసీబీ వాళ్లకు చెప్పాడు. డిస్పాచ్ రిజిస్టరు తెప్పిస్తే తొమ్మిది రోజుల ముందే పై ఆఫీసుకు వెళ్లిపోయింది! పని చేతిలో లేకపోయినా తీసుకుంటే నేరమే, చట్టం ఆ దారి మూసేసింది. కానీ ‘డబ్బిస్తేనే ఫైలు కదుపుతానన్నాడు’ అన్న ఫిర్యాదిని ఆ రిజిస్టరు ముందు నిలబెడితే మాట తడబడుతుంది. అతను విడుదలయ్యాడు. (ఫీజు మాత్రం ఇంకా సగమే ఇచ్చాడు.)

క్లయింటును ఒక్క విషయం నిలదీసి అడుగు: పట్టుబడిన క్షణంలో ఏమన్నావు? ఆ మాట రెండో నివేదికలో ఉంటుంది. చేబదులు తిరిగి ఇచ్చారనో, రుసుము కట్టమని ఇచ్చారనో అప్పుడే చెప్పి ఉంటే దానికి విలువ ఉంది. అప్పుడు నోరు మెదపక రెండేళ్ల తర్వాత జడ్జిగారి ముందు తొలిసారి చెబితే అది కట్టుకథలా వినిపిస్తుంది. డిమాండ్, స్వీకరణ రుజువైతే అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 20 కింద అది లంచమేనన్న ఊహ మన మీద పడుతుంది. దాన్ని తిప్పికొట్టడానికి సందేహాతీతంగా నిరూపించనక్కరలేదు, మన మాట నిజమయ్యే అవకాశమే ఎక్కువన్నంత వరకు చూపిస్తే సరిపోతుంది. కానీ చూపించడానికి కాగితం కావాలి.

ప్రాసిక్యూషన్ అనుమతి ఉత్తర్వు చదువు, ఇచ్చిన అధికారికి ఆ ఉద్యోగిని పదవి నుంచి తీసేసే హోదా ఉందో లేదో చూడు. లోపం దొరికితే అడుగు, దాని మీదే ఇల్లు కట్టకు. లోపం వల్ల న్యాయం దెబ్బతిన్నదని తేలితే తప్ప శిక్ష కొట్టేయరు.

క్లయింటు బావమరిది ఒకడు నీ దగ్గరికి వస్తాడు, రాకుండా ఉండడు. ‘ఫిర్యాదిని మేం చూసుకుంటాం మేడమ్’ అంటాడు. ఆ మాట వినగానే కుర్చీలోంచి లేచి తలుపు చూపించు. బెయిలు పోతుంది, కొత్త కేసు పడుతుంది, నీ పేరూ అందులో ఉంటుంది.

నువ్వు ఫోనులో చెప్పిన, బిల్లు కోసం డబ్బిచ్చానన్న కాంట్రాక్టరు సంగతి వేరు. పూర్వం ఇచ్చినవాడికి సెక్షన్ 24 కొంత గొడుగు పట్టేది. 2018 సవరణతో అది పోయింది. ఇప్పుడు సెక్షన్ 8 కింద ఇవ్వడమూ నేరమే, ఏడేళ్ల దాకా జైలు. బలవంతం మీద ఇచ్చినవాడికి మాత్రం ఒక మినహాయింపు ఉంది: ఇచ్చిన ఏడు రోజుల్లోగా దర్యాప్తు సంస్థకు చెప్పాలి. అతను ఏ రోజు ఇచ్చాడో నువ్వు ఫోనులో చెప్పలేదు. ఈ ఉత్తరం చదవగానే అతనికి ఫోను చెయ్యి. ఏడు రోజులు దాటకపోతే ఫీజు మాట తర్వాత, ముందు ఏసీబీ ఆఫీసుకు తీసుకెళ్లి ఫిర్యాదు రాయించి, అందినట్టు రసీదు తీసుకో. దాటిపోతే ఆ ఏడు రోజుల్లో అతను ఎవరికైనా రాతపూర్వకంగా మొరపెట్టుకున్నాడేమో వెతుకు.

ఆదివారం మధ్యవర్తుల నివేదికల నకళ్లు తీసుకుని ఇంటికి రా. జిరాక్సు మసకగా ఉంటే నా కళ్లకు ఆనదు, సర్టిఫైడ్ కాపీలే తీసుకురా. భోజనం ఇక్కడే.

నీ సీనియర్