నాలుగో శనివారం, ఇంట్లో నేనొక్కదాన్నే

సెలవు దొరికి ఇంట్లో ఒక్కరే ఉన్నా ఏం చేయాలో తోచడం లేదని, ఫోన్ చూస్తుండగానే సాయంత్రం అయిపోతోందని రాశారు. మిగతావాళ్ళు అలాంటి రోజు ఎలా గడుపుతారని అడిగారు. ఈ విషయంలో నాకు కాస్త అనుభవం ఉంది.

నేను బ్యాంకులో పనిచేస్తాను. 2015 సెప్టెంబరు నుంచి మాకు నెలలో రెండో, నాలుగో శనివారాలు సెలవు. రెండో శనివారం పిల్లలూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి దాన్ని నేను సెలవు కింద లెక్కవేయను. నాలుగో శనివారం మాత్రం పిల్లలకు బడి, మావారికి ఆఫీసు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా విజయవాడలో మా ఫ్లాటుకు నేనే మహారాణిని.

మొదటి రెండేళ్ళూ ఆ రోజును చేతులారా పాడుచేసుకున్నాను. శుక్రవారం రాత్రే చీటీ రాసుకునేదాన్ని. బీరువా సర్దాలి, ఫ్రిజ్ తుడవాలి, కర్టెన్లు ఉతకాలి, ఇడ్లీ పిండి రుబ్బాలి. సాయంత్రానికి నడుం పట్టేసేది, పిల్లలు రాగానే వాళ్ళ మీద విసుక్కునేదాన్ని. ఇప్పుడు చీటీ మానేశాను. బీరువా అలాగే ఉంది. తలుపు తీస్తే చీరలు మీద పడతాయి, పడనీ.

అందరూ వెళ్ళాక గడియ పెట్టి ఓ ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటాను. మిక్సీ, టీవీ, "అమ్మా, నా సాక్సు" అన్నీ ఆగిపోయి అప్పుడు ఫ్యాను చప్పుడు వినపడుతుంది. తర్వాత రెండో కాఫీ. మామూలు రోజుల్లో నా రెండో కాఫీ కౌంటర్ మీదే మీగడ కట్టి చల్లారిపోతుంది. గ్లాసు ఎత్తగానే పాస్‌బుక్కు ప్రింటింగ్ అనో, కేవైసీ అనో ఎవరో ఒకరు వస్తారు. శనివారం నాడు ఫిల్టరులో మిగిలింది పలచటి డికాషనే అయినా, చివరి గుక్క దాకా వేడివేడిగా తాగుతాను. అంత చిన్నదానికే నాకు సగం సెలవు వచ్చేసినట్టుంటుంది.

ఇక తలంటు. మిగతా రోజుల్లో షాంపూయే. ఈ ఒక్కరోజు కుంకుడుకాయలు. పది కాయలు చితక్కొట్టి, నల్లటి గింజలు తీసేసి వేడినీళ్ళలో పడేస్తాను. తలకు కొబ్బరినూనె పట్టించేసరికి అవి నానిపోతాయి. చేత్తో పిసుకుతుంటే నురగ గిన్నె అంచు దాటి వస్తుంది. ఎంత జాగ్రత్తపడ్డా కంట్లో పడక మానదు. చిన్నప్పుడు కళ్ళు మండుతున్నాయని ఏడిస్తే మా అమ్మమ్మ నాలిక మీద ఉప్పు కల్లు వేసేది. దాంతో మంట తగ్గేదో, ఉప్పు చప్పరించే పనిలో పడి ఏడుపు ఆపేదాన్నో గానీ, ఇప్పటికీ నాలుగు ఉప్పు కల్లు పక్కన పెట్టుకునే స్నానానికి వెళ్తాను. నలభై రెండేళ్ళ మనిషిని, ఎవరైనా చూస్తే నవ్వుతారు. చూసేవాళ్ళు లేకపోవడమే కదా ఆ రోజు గొప్ప.

తల ఆరబెట్టుకోవడానికి బాల్కనీలో పీట వేసుకుంటాను. చలికాలమైతే పదిన్నర ఎండ వీపుకు ఎంత హాయో చెప్పలేను. ఎండాకాలం విజయవాడలో ఆ ముచ్చట లేదు లెండి, ఫ్యాను కిందే.

వంట ఒక్కటే, కందిపచ్చడి. మిక్సీ జోలికి వెళ్ళను. అమ్మమ్మ పోయాక తెనాలి నుంచి తెచ్చుకున్న చిన్న రోలు ఉంది. గుప్పెడు కందిపప్పు నూనె వేయకుండా సన్నసెగ మీద ఎర్రగా వేయించాలి. ఇక్కడ తొందరపడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఎండుమిరపకాయలు, జీలకర్ర కూడా వేయించి, రవ్వంత చింతపండు, ఉప్పు, చివర్లో పచ్చి వెల్లుల్లి రెబ్బలు. నీళ్ళు చిలకరిస్తూ పచ్చడి బండతో నూరుతుంటే మొదట బరబరమని, తర్వాత మెత్తగా చప్పుడు మారుతుంది. కొంచెం బరకగా ఉండగానే ఆపేస్తాను. పచ్చడి గిన్నెలోకి తీశాక రోటికి అంటుకున్న దాంట్లో వేడన్నం, నెయ్యి వేసి అక్కడే కలిపి నాలుగు ముద్దలు తినేస్తాను. మా చిన్నప్పుడు ఆ రోటి ముద్ద కోసం నేనూ మా అన్నయ్యా కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు పోటీకి ఎవరూ లేరు. కంచం పెట్టుకుని పెరుగన్నం తినడం ఆ తర్వాతి సంగతి.

మధ్యాహ్నం రేడియోలో రెయిన్‌బో కృష్ణవేణి ఎఫ్ఎం సన్నగా పెట్టుకుని నేల మీద చాప వేసుకుంటాను. నాకు మంచం కన్నా చల్లటి గచ్చు మీదే కునుకు బాగా పడుతుంది. మూడో పాటకల్లా ఏమీ వినపడదు.

ఫోన్ సంగతి అడిగారు కాబట్టి దాచను. నేనూ రీల్స్ చూస్తాను. పోయిన నెల అలాగే నలభై నిమిషాలు పోయాయి. నాకు తెలిసిన ఉపాయం ఒకటే, చేతులకు తడో, నూనో, పచ్చడో అంటి ఉంటే ఫోన్ పట్టుకోలేం. అందుకే అలాంటి పని ఒకటి పెట్టుకోండి. కుంకుళ్ళే కానక్కర్లేదు, గోంగూర ఒలుచుకున్నా, కుండీల్లో మట్టి మార్చినా సరే. ఒక్కటి చాలు. రెండో పని తగిలించారంటే మళ్ళీ నా పాత చీటీయే.

నాలుగున్నరకు మా చిన్నది వచ్చీరాగానే బ్యాగు పడేసి, కడిగి బోర్లించిన పచ్చడి గిన్నె చూసి, "కందిపచ్చడి చేశావా? నాకు ఉంచావా?" అంది. ఫ్రిజ్‌లో ఉంచానన్నాను. రోటి ముద్ద సంగతి మాత్రం చెప్పలేదు.