రూలు పుస్తకం చదివే కుర్రాడికి ఏ చదువు?

ప్రశ్న: మాది నరసన్నపేట. చిన్న బట్టల దుకాణం మీద బతుకుతున్నాం. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఏడాదిగా సంసద్ టీవీ తప్ప మరొకటి చూడడు. ప్రతిపక్ష సభ్యుడు ఎవరైనా లేచి ఫలానా రూలు అనగానే ఆ నంబరు నోటుపుస్తకంలో రాసుకుంటాడు. మొన్న మా అమ్మాయి పెళ్లి మాటలు జరుగుతుంటే మధ్యలో లేచి ‘ఇది అజెండాలో లేదు, పాయింట్ ఆఫ్ ఆర్డర్’ అన్నాడు. ఇంజినీరింగ్ వద్దట, ‘ఇదే’ చదువుతాడట. ‘ఇది’ అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. రాజకీయాల్లో పడి చెడిపోతాడేమోనని వాళ్లమ్మ భయం. దీనికంటూ ఒక చదువు ఉందా? కూడు పెడుతుందా?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి పెళ్లి మాటల దగ్గర నవ్వొచ్చింది. రెండోసారి నోటుపుస్తకం దగ్గర ఆగిపోయాను. సభలో గొడవ చూసి సంబరపడే పిల్లలు ఊరికి పదిమంది ఉంటారు. ఆ గొడవలో ఎవరు ఏ నంబరు చెప్పారో రాసుకునే కుర్రాడి గురించి ఇన్నేళ్లలో నాకు ఉత్తరం రావడం ఇదే మొదలు.

ముందు మీవాడు చూస్తున్నదేమిటో మీ దుకాణం మాటల్లోనే చెబుతాను. కొనడానికి వచ్చినాయన ‘ధర ఎక్కువ’ అంటే అది బేరం. సభలో దాన్ని చర్చ అంటారు. అదే మనిషి ధర ఊసెత్తకుండా, ‘మీ మీటరు బద్ద మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఏదీ?’ అని అడిగాడనుకోండి. అప్పుడు మీరు కత్తెర పక్కన పెట్టి సమాధానం చెప్పాలి. చెప్పేదాకా గుడ్డ తెగదు. అదే పాయింట్ ఆఫ్ ఆర్డర్. బిల్లు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న అందులో ఉండదు. సభ తన నిబంధనల ప్రకారం నడుస్తోందా లేదా అన్నదే ప్రశ్న.

లోక్‌సభ నియమావళిలో 376వ నిబంధన దీని గురించే. సభ్యుడు లేవనెత్తే అంశం సభా నిబంధనలకో, సభ నడకకు సంబంధించిన రాజ్యాంగ అధికరణాలకో చెందినదై ఉండాలి. ఆ క్షణంలో సభ ముందున్న వ్యవహారం గురించే అయి ఉండాలి. సమాచారం అడగడానికి, తన వైఖరి వివరించుకోవడానికి దాన్ని వాడకూడదు. ఊహాజనితమైన ప్రశ్న వేయకూడదు. డివిజన్ గంట, అంటే ఓట్లు లెక్కించే ముందు సభ్యులను పిలిచే గంట, మోగలేదనో, తనకు వినపడలేదనో కూడా లేవకూడదని అందులో ప్రత్యేకంగా రాశారు. ఆ ఒక్క ముక్క చాలు, ఎన్నెన్ని సాకులు చూసి విసిగిపోయి ఆ నిబంధన రాశారో ఊహించుకోవడానికి.

నిజానికి చాలామంది సభ్యులు మైకు దొరకడానికే ‘పాయింట్ ఆఫ్ ఆర్డర్’ అంటారు. స్పీకరుకూ ఆ సంగతి తెలుసు. అందుకే వెంటనే ‘ఏ రూలు కింద?’ అని అడుగుతారు. ఈసారి మీరూ మీవాడి పక్కన కూర్చుని ఆ రెండు క్షణాలు చూడండి. కొందరు తడబడి ప్రసంగంలోకి జారుకుంటారు, కూర్చోమంటారు. ఎక్కడో ఒకరు మాత్రం నంబరు చెప్పి, ఉపనిబంధన చెప్పి, అలాంటి విషయంలో స్పీకరు ఇచ్చిన పాత రూలింగ్, అంటే తీర్పు, తేదీ కూడా చెబుతారు. అధికార పక్షం బెంచీల్లో ఒకరి ముఖం మరొకరు చూసుకుంటారు. స్పీకరు పక్కనున్న అధికారులు పేజీలు తిప్పుతారు. మీవాడు ఏడాదిగా కాచుకుని చూస్తున్నది ఆ క్షణం కోసమే.

అలాంటి అభ్యంతరాల్లో చాలావాటిని తోసిపుచ్చుతారు. మరి లేవడం ఎందుకు అంటారేమో. 2016 మార్చిలో ఆధార్ బిల్లును ద్రవ్య బిల్లుగా, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి వాటికే పరిమితమైన బిల్లుగా తెచ్చారు. ద్రవ్య బిల్లయితే రాజ్యసభ సిఫార్సులు చేయగలదే తప్ప ఆపలేదు. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభ సభ్యుడిగా ఉన్న జైరాం రమేశ్, ఇది రాజ్యాంగం 110వ అధికరణం కింద ద్రవ్య బిల్లు కానే కాదని పట్టుబట్టారు. రాజ్యసభ సవరణలు చేసింది, లోక్‌సభ అదే రోజు వాటిని తిరస్కరించింది. అక్కడితో అయిపోయిందనుకున్నారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2018లో మెజారిటీ తీర్పు ప్రభుత్వం వైపే నిలిచింది. ధర్మాసనంలో ఒకరైన జస్టిస్ చంద్రచూడ్ మాత్రం ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది మరో కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ద్రవ్య బిల్లు అంటే ఏమిటో తేల్చాలని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. సభలో ఓడిపోయిన అభ్యంతరం అలా కోర్టు మెట్ల మీద బతికింది. సభలో పలికిన మాట రికార్డుకు ఎక్కుతుంది, ఆ రికార్డు కోసమే లేస్తారు.

మన ప్రాంతానికి ఇవి కొత్త సంగతులేమీ కావు. నాలుగో లోక్‌సభలో శ్రీకాకుళం సభ్యుడు ఎన్.జి. రంగా. 1967లో 44 స్థానాలతో పెద్ద ప్రతిపక్షంగా నిలిచిన స్వతంత్ర పార్టీకి ఆయన నాయకుడు. 1999 ఏప్రిల్ 17న కేంద్ర ప్రభుత్వం 269–270తో ఒక్క ఓటు తేడాతో పడిపోయిన రోజు గుర్తుందా? విజయనగరం పొలిమేర దాటితే వచ్చే కోరాపుట్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి. లోక్‌సభ సభ్యత్వం మాత్రం వదులుకోలేదు. ఆయన ఓటు వేయవచ్చా అన్న ప్రశ్నను మన తెలుగువాడైన స్పీకర్ బాలయోగి ఆయన మనస్సాక్షికే వదిలేశారు. 2014 ఫిబ్రవరి 18న విభజన బిల్లు మూజువాణి ఓటుతో, అంటే ఓట్లు లెక్కించకుండా నోటిమాటతోనే నెగ్గినప్పుడు డివిజన్ అంటే ఏమిటో తెలియని ఇల్లు మన జిల్లాల్లో లేదు. టీవీల్లో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన ఆ మధ్యాహ్నం నేను విజయనగరంలో ఒక టీ దుకాణంలో ఉన్నాను. మూజువాణి అంటే ఏమిటని అడిగినవాళ్లకు చెప్పి చెప్పి గొంతు పోయింది.

ఇక కూడు సంగతి. సభలో లేచి నిలబడేది ఒక్కరు. ఆయన చేతిలో కాగితం రాసిచ్చినవాళ్లు వేరే ఉంటారు. మీవాడికి అన్నం పెట్టేది ఆ కాగితమే. వాళ్లమ్మగారికి ఇది ముందు చెప్పండి. ఎన్నికల్లో నిలబడాలంటే లోక్‌సభకైనా శాసనసభకైనా 25 ఏళ్లు నిండాలి. అది ఉద్యోగమూ కాదు, దానికి నేను సలహా ఇవ్వను కూడా. కాగితం రాసేవాళ్లది మాత్రం నికార్సయిన వృత్తి.

పి.ఆర్.ఎస్. లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ 2010 నుంచి ల్యాంప్ పేరుతో ఒక ఫెలోషిప్ నడుపుతోంది. 25 ఏళ్లు దాటని పట్టభద్రులను తీసుకుని ఒక్కొక్కరిని ఒక్కో ఎంపీ దగ్గర పెడతారు. వర్షాకాల సమావేశాల ముందు మొదలై బడ్జెట్ సమావేశాల దాకా పని. ప్రశ్నలు తయారుచేయడం, అత్యవసర విషయాలు ఎత్తే జీరో అవర్‌కు నోటీసులు రాయడం, బిల్లు చదివి లొసుగులు పట్టడం, మంత్రులు కాని సభ్యులు తెచ్చే ప్రైవేటు సభ్యుల బిల్లు ముసాయిదా రాయడం, ఇవే పనులు. నచ్చిన పార్టీ ఎంపీయే దొరుకుతారని నమ్మకం లేదు. నిన్న ప్రతిపక్షంలో కూర్చుని రూలు చదివిన పార్టీ, అధికారంలోకి రాగానే అదే రూలు వినడానికి ఇష్టపడదు. ఆ రెండు వైపులా ఒకే నిజాయితీతో కాగితం రాయగలిగితేనే ఈ పని. ఏడాది తిరక్కుండానే అయిపోతుంది, జీవితాంతం సాగే కొలువు కాదు. కానీ అక్కడి నుంచి బయటికి వచ్చినవాళ్లు విధాన పరిశోధనలోకి, న్యాయవాద వృత్తిలోకి, పత్రికల్లోకి వెళ్తుంటారు.

స్థిరమైన ఉద్యోగం కావాలంటే లోక్‌సభ, రాజ్యసభ సచివాలయాలున్నాయి. రాజ్యాంగం 98వ అధికరణం ప్రకారం అవి ప్రభుత్వ శాఖలతో కలవని వేరు సిబ్బంది. కమిటీల పని చూసే సహాయకులు, పరిశోధకులు, అనువాదకులు, రిపోర్టర్లు అందులో ఉంటారు. రిపోర్టర్లు కొద్ది నిమిషాలకొకరు వంతులు మారుతూ సభలో ప్రతి మాటా రాసుకుంటారు. షార్ట్‌హ్యాండ్‌లో నిమిషానికి 160 పదాల వేగం అడుగుతారు, కాబట్టి అది ఏళ్ల సాధన. తెలుగులో మాట్లాడే సభ్యుల మాటను అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చే ఏకకాల అనువాదకుల పని నాకు మరీ ఇష్టం. మన మాటతీరు తెలిసి, ఇంగ్లీషు గట్టిగా ఉన్న పిల్లలు దొరకడం కష్టం. ఖాళీలు మాత్రం ఎప్పుడో గాని పడవు. అమరావతిలో మన శాసనసభ సచివాలయానికీ ఇదే మాట వర్తిస్తుంది.

ఇవన్నీ కలిపి చూస్తే నేను చెప్పే దారి న్యాయశాస్త్రం. ఇంటర్ తరవాత అయిదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీ. ఎంపీసీ చదివినంత మాత్రాన అడ్డేమీ లేదు, గ్రూపు ఏదైనా సరే. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ రాయాలి. 120 ప్రశ్నలు, రెండు గంటలు, అంతా ఇంగ్లీషులో. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం మీకు దగ్గర, హైదరాబాద్ నల్సార్ పేరున్నది. ఫీజు ఏటా లక్షల్లో ఉంటుంది, ఇది దాచి లాభం లేదు. అంత బరువు మోయలేమనుకుంటే లాసెట్ రాసి విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయం న్యాయ కళాశాలకు ప్రయత్నించండి. చదువు తక్కువేమీ కాదు, మిగతాది వాడి కష్టం. ఫెలోషిప్ రాకపోయినా, సచివాలయంలో ఖాళీ పడకపోయినా చేతిలో ఎల్ఎల్‌బీ ఉన్నవాడు శ్రీకాకుళం కోర్టులో బల్ల వేసుకుని బతకగలడు. ఒట్టి రాజనీతి శాస్త్రం బీఏకి ఆ ధీమా ఉండదు. ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. సివిల్స్ సంగతి మీరు అడగలేదు, నేనూ ఎత్తను.

ఇంత చెప్పినా నాకొక అనుమానం ఉంది. మీవాడికి నచ్చింది రూలా, లేచి నిలబడటమా? రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. నా చిన్నతనంలో మా ఊరి సహకార సంఘం సర్వసభ్య సమావేశానికి మా నాన్నతో వెళ్లాను. అధ్యక్షుడు జమాఖర్చులు గబగబా చదివేసి ‘అందరికీ సమ్మతమే కదా’ అన్నాడు. వెనక బెంచీలో వాళ్లు లేచి దొంగలెక్కలని అరిచారు. ఎవరూ పట్టించుకోలేదు. పక్కన కండువా మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రిటైర్డు మాస్టారు ఒకాయన మెల్లగా లేచి, ‘సంతకాల పుస్తకంలో ఎన్ని పేర్లున్నాయి బాబూ?’ అని గుమస్తాను అడిగారు. లెక్కపెడితే కోరానికి, అంటే సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరుకు, తొమ్మిది తక్కువ. సమావేశం వాయిదా పడింది. నెల తరవాత మళ్లీ పెట్టినప్పుడు లెక్కలు నిదానంగా చదవక తప్పలేదు. అరిచినవాళ్ల పేరు ఒక్కటీ నాకు గుర్తు లేదు. మాస్టారి కండువా అంచు రంగు కూడా గుర్తుంది.

మీవాడు ఆ మాస్టారా, వెనక బెంచీనా అన్నది మీరే తేల్చుకోవచ్చు. లోక్‌సభ నియమావళి, చర్చల పూర్తి పాఠం రెండూ పార్లమెంటు వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. పరీక్షలయ్యాక వారం రోజులు టీవీ కట్టేసి, ఏదైనా ఒక రోజు చర్చ అచ్చులో చదవమనండి. అందులో ఒక అభ్యంతరం ఎంచుకుని, సభ్యుడు ఏ నిబంధన ఎత్తాడు, స్పీకరు ఏమన్నారు, ఎవరిది సబబు అన్నది ఒక పేజీ తెలుగులో, ఒక పేజీ ఇంగ్లీషులో రాయమనండి. తనకు ఇష్టమైన పార్టీ తప్పు చేసిన సందర్భమే ఎంచుకోవాలి, ఇది నా షరతు. టీవీలో అరుపులుంటాయి, అచ్చులో ఉండవు. అచ్చులో కూడా మజా దొరికితే క్లాట్ పుస్తకాలు కొనండి. మూడోనాటికి విసుగేస్తే ఇంజినీరింగులో చేర్చండి, మనసులో ఏమీ పెట్టుకోకండి. ఇంగ్లీషు పేజీలో తప్పులుంటే బెంగ వద్దు. రోజూ ఒక సంపాదకీయం గట్టిగా చదివితే ఏడాదిలో దారికొస్తుంది. వెన్నెలవలస, కిల్తంపాలెం నవోదయ విద్యాలయాల్లో యువజన పార్లమెంటు పోటీలకు పిల్లలను తయారుచేసే ఉపాధ్యాయులు ఉంటారు. ఒకసారి తీసుకెళ్లి మాట్లాడించండి.

ఇక మిగిలింది పెళ్లి మాటల మధ్య లేచిన అభ్యంతరం. ఆ క్షణంలో సభ ముందున్న వ్యవహారం పెళ్లే. అజెండా ముందుగా ఎవరికీ పంచలేదు కాబట్టి అందులో లేదనడం చెల్లదు. ఇంటి పెద్దగా రూలింగ్ మీరివ్వండి. స్పీకరు రూలింగ్ మీద చర్చ ఉండదని మీవాడికి నాకన్నా బాగా తెలుసు.