ముందు వదలడం నేర్చుకో

చిరంజీవి చిన్నాకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా రెండు రోజులుగా మనసులో తిరుగుతోంది. రాత్రి మూడింటికి మెలకువ, గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపుబ్బరం, పొద్దున మీటింగ్ తలుచుకుంటేనే టెన్షన్. వీడియో చూసి రోజూ కపాలభాతి (ఊపిరిని గబగబా బయటికి నెట్టే ప్రాణాయామం) చేస్తున్నా తగ్గకపోగా పెరిగింది అన్నావు. పెరగదూ మరి! అసలే గాలివాన, నువ్వు పైనుంచి విసనకర్రతో విసురుతున్నావు.

ఆ తప్పు నేనూ చేశానులే. పెళ్ళయి అనంతపురం నుంచి బెంగళూరు వచ్చిన కొత్తలో, భాష రాక, పలకరించే దిక్కు లేక నాకూ ఇలాగే ఉండేది. వీధి చివర యోగా క్లాసులో చేరితే మొదటి రోజే భస్త్రిక చేయించారు, కొలిమితిత్తిలా ఊపిరి జోరుగా తీసి వదలడం. ఐదు నిమిషాలకు వేళ్ళు తిమ్మిరెక్కి, కళ్ళు బైర్లు కమ్మి, ఇక పోతున్నాననుకున్నాను. తర్వాత తెలిసింది: అవసరానికి మించి గబగబా ఊపిరి తీసి వదిలితే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు (మేం బళ్ళో అలాగే చదువుకున్నాం) తగ్గిపోతుంది, ఆ తిమ్మిరి అందుకే. కంగారులో ఉన్నవాడు తెలియకుండానే ఆ పని చేస్తుంటాడు. అందుకని నువ్వు కపాలభాతి, భస్త్రిక రెండూ ప్రస్తుతానికి కట్టిపెట్టు. ఊపిరి బిగబట్టడం కూడా వద్దు.

వాయువు, ఆకాశం కలిస్తే వాతం అంటుంది ఆయుర్వేదం. పొడి, తేలిక, చలి, కదలిక దాని గుణాలు. ఇప్పుడు నీ రోజు చూసుకో. రాత్రి రెండు దాకా లాప్‌టాప్, అన్నం బదులు చిప్స్, ఐదు కాఫీలు, సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో గంటసేపు బస్సులో. పైగా ఆషాఢం, మారతహళ్ళిలో మీ పీజీ కిటికీలు ఎలా కొట్టుకుంటాయో నేను విన్నాను. రాత్రి చివరి ఝాము వాతానిది అంటారు, నీ మూడింటి మెలకువ లెక్క అక్కడ సరిపోతుంది. రక్తపరీక్షలో వాతం ఇంత అని రాదు నాయనా. ఒంటిని గమనించుకోవడానికి మన పెద్దవాళ్ళు పెట్టుకున్న పద్ధతి అది, నేనూ అలాగే వాడుకుంటాను.

‘చలే వాతే చలం చిత్తం’ అంటుంది హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం. లోపలి గాలి కదిలితే మనసూ కదులుతుంది. మనసుని ఆగమంటే ఆగదు, ఊపిరి మాత్రం కాస్త మాట వింటుంది. అక్కడ పట్టుకో.

సాయంత్రం గదికి రాగానే చెప్పులు విడిచి, చాప కూడా లేకుండా నేల మీద తాడాసనంలో, అంటే నిటారుగా, నిలబడు. బరువు మడమల్లోకి దిగేదాకా నిలబడాలి, మొదట్లో విసుగొస్తుంది, రానీ. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్ళు పొట్టకు హత్తుకునే పవనముక్తాసనం, గాలిని వదిలించేదని పేరులోనే ఉంది. ఆపైన గోడకు కాళ్ళు చాపి పడుకుని, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకో, ఆరు లెక్కపెడుతూ వదులు. ముక్కుతోనే. ఆరు కష్టమైతే ఐదు చాలు, ఆయాసపడి లాగొద్దు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడు: తీసుకునేటప్పుడు వేగం పెరుగుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. నన్ను నమ్మక్కర్లేదు, నీ వేలికే తెలుస్తుంది. వదలడం ఎందుకు పొడుగ్గా ఉండాలో అప్పుడు నీకే అర్థమవుతుంది. పది నిమిషాలు చాలు.

చివర్లో శవాసనం, రజాయి కప్పుకుని. ఒంటి మీద కాస్త బరువుంటే నాకైతే వణుకు త్వరగా తగ్గేది. తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే భ్రామరి కూడా మంచిదే, కానీ నీ రూమ్మేట్ నవ్వుతాడేమో! వాడు లేనప్పుడు చెయ్యి.

మూడింటికి మెలకువ వస్తే ఫోన్ ముట్టుకోకు. టైమ్ చూసినా సరే, ఇంకెంతసేపు నిద్ర మిగిలిందా అని లెక్కలు మొదలవుతాయి. పక్కకు తిరిగి, చెయ్యి కడుపు మీద వేసుకుని, అదే నాలుగు, అదే ఆరు.

తిండి సంగతి నీకు చెప్పక్కర్లేదు, వేడన్నం, పప్పు, నెయ్యి. ఆదివారం నువ్వులనూనె గోరువెచ్చగా కాచి ఒంటికి పట్టించుకుని తలంటుకో.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే గుండె దడ వస్తుంది, ముందు ఆ పరీక్ష చేయించుకో. గుండెలో నొప్పి వస్తే ఆసనాలంటూ కూర్చోకు, ఆస్పత్రికి పరుగెత్తు. నెలైనా నిద్ర కుదుటపడకపోతే మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆస్పత్రి మన ఊళ్ళోనే ఉంది, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఏ అర్ధరాత్రైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, లేదా నాకే చెయ్యి, నాకెలాగూ నిద్ర తక్కువే. డాక్టరు మాత్రలిస్తే యోగా చేస్తున్నాను కదా అని నీ అంతట నువ్వు ఆపెయ్యకు.

ఈ ఆదివారం లాల్‌బాగ్‌కు రా. ఆరింటికి గేటు తీస్తారు. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ వయసు మూడు వందల కోట్ల సంవత్సరాలట. దాని మీద కాసేపు ఉత్త పాదాలతో నిలబడదాం, కొండగాలి ఎటు వీస్తే అటు వీయనీ. చెవులకు మఫ్లర్ కట్టుకో. కాఫీ తాగి రాకు, ఇంటికొచ్చాక నేనిస్తాను. ఒక్కటే.

నీ పెద్దమ్మ