యూరప్‌లో కుర్రకారు మాట ఎంతదాకా వెళ్తుంది?

"యూరప్‌లో పాలసీలు చేసేటప్పుడు యువతను నిజంగా అడుగుతారా, ఫొటోల వరకేనా?" అని అడిగారు. అడగడమైతే అడుగుతారు. తర్వాత ఏమైందో చెప్పడం దగ్గరే బద్ధకం. జర్మనీలో మాస్టర్స్ చేస్తుండగా ఒక శనివారం అలాంటి మీటింగ్‌కి వెళ్ళాను, అక్కడ చూసింది చెప్తాను.

యూరోపియన్ యూనియన్‌కి 'యూత్ డైలాగ్' అని ఒక ఏర్పాటు ఉంది. ఒక్కో విడత ఏడాదిన్నర. సభ్య దేశాల మంత్రులు కూర్చునే యూనియన్ కౌన్సిల్‌కి వరసగా అధ్యక్షత వహించే మూడు దేశాలు కలిసి ఒక అంశం తీసుకుంటాయి. దాని మీద దేశదేశాల్లో కుర్రాళ్ళను కూర్చోబెట్టి అడుగుతారు, వచ్చినదంతా యూత్ కాన్ఫరెన్సుల్లో చర్చించి పైకి పంపుతారు. 2018లో వచ్చిన 11 'యూత్ గోల్స్' అలా తయారైనవే. అందులో ఆరోది పల్లెటూళ్ళ యువత గురించి.

మా మీటింగ్ ఒక చిన్న ఊరి యూత్ సెంటర్‌లో జరిగింది. పాతికమందిమి ఉంటాం. సగానికి పైగా యూనివర్సిటీ బాపతే, మైకు ఇస్తే వదలనివాళ్ళం. బేకరీలో పని నేర్చుకుంటున్న పద్దెనిమిదేళ్ళ అబ్బాయి ఒకడు చివరి కుర్చీలో కూర్చుని చాలాసేపు నోరు విప్పలేదు. తన వంతు వచ్చాక చెప్పింది ఇంతే: "నాకు నాలుగింటికి డ్యూటీ. మా ఊరి నుంచి మొదటి బస్సు ఐదు నలభైకి. రోజూ మా అమ్మ లేచి కార్లో దింపుతుంది." మీటింగ్ నడిపే ఆవిడ పసుపు చీటీ మీద 'రవాణా' అని రాసి బోర్డుకి గుచ్చింది.

కొన్ని నెలలకి రిపోర్టు మెయిల్లో వచ్చింది. ఆ అబ్బాయి కోసమే వెతికాను. "గ్రామీణ యువతకు మెరుగైన రవాణా సదుపాయాలు అవసరం" అని ఒక్క వాక్యం. ఐదు నలభై లేదు, అమ్మా లేదు. తప్పేమీ రాయలేదు, కానీ అది చదివి ఏ మంత్రికి నిద్ర చెడుతుంది? దాని మీద ఎవరేం చేశారో ఇప్పటికీ మాకు ఒక్క ముక్క రాలేదు.

స్ట్రాస్‌బర్గ్‌లోని కౌన్సిల్ ఆఫ్ యూరప్‌లో పద్ధతి వేరు. (ఇది యూరోపియన్ యూనియన్ కాదు, వేరే సంస్థ. చాలామంది రెండూ కలిపేస్తారు.) అక్కడి యూత్ విభాగంలో 1970ల నుంచి ప్రభుత్వాల వాళ్ళు, యువజన సంఘాల వాళ్ళు ఒకే టేబుల్ దగ్గర కూర్చుని కార్యక్రమాలు, డబ్బు కేటాయింపులు కలిసి నిర్ణయిస్తారు. పరిధి చిన్నదే, ఆ విభాగం దాటి పెద్దగా పోదు. అయినా చీటీ రాసి ఇచ్చి ఇంటికి రావడం కంటే ఎంతో నయం.

ఇక ఓటు. ఆస్ట్రియా 2007లోనే 16 ఏళ్ళకు ఇచ్చింది. 2024 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలకు జర్మనీ, బెల్జియం కూడా ఇచ్చాయి. మా ఓనరమ్మ గారి మనవరాలు అప్పుడే మొదటిసారి ఓటేసింది. బ్యాలెట్ పేపరు చాంతాడంత ఉందని, ఎన్ని మడతలు పెట్టినా బాక్సులో పట్టలేదని ఒకటే నవ్వు. (నాకేమో టాక్సు ఉంది, ఓటు లేదు. సిటిజన్‌ని కాదుగా.) కుర్రాళ్ళంతా పర్యావరణం పార్టీ గ్రీన్స్‌కే వేస్తారని మా బ్యాచ్‌లో అందరి లెక్క. తీరా ఎగ్జిట్ పోల్ చూస్తే 16-24 ఏళ్ళ వాళ్ళలో సంప్రదాయవాదులైన క్రిస్టియన్ డెమోక్రాట్లకు 17 శాతం, అతి మితవాద పార్టీ ఏఎఫ్‌డీకి 16 శాతం, గ్రీన్స్‌కి 11 శాతం. మా బోర్డు మీద చీటీలకీ ఆ ఓట్లకీ పొంతనే లేదు. ఆ ఓట్లేసిన వాళ్ళెవరూ మా మీటింగ్‌కి రాలేదు మరి, వచ్చినా చివరి కుర్చీలోనే కూర్చుని ఉంటారు.

కొత్త చట్టం ప్రతిపాదించేటప్పుడు అది యువత మీద ఏ ప్రభావం చూపుతుందో ముందే పరిశీలిస్తామని, దానికి 'యూత్ చెక్' అని పేరు పెట్టి యూరోపియన్ కమిషన్ 2024లో ప్రకటించింది. మంచిదే. కాగితం మీది మాట బస్సు టైమింగుల దాకా వస్తే నమ్ముతాను.

మీరు అక్కడ చదువుకుంటుంటే ఇలాంటి వాటికి ఒకసారి వెళ్ళి చూడండి. మా మీటింగ్‌లో పాస్‌పోర్టు ఏ దేశానిదని ఎవరూ అడగలేదు. ఒకటి మాత్రం చేయండి, మీ చీటీ ఇంకొకరి చేత రాయించకండి. పెన్ను అడిగి తీసుకుని, బస్సు టైముతో సహా మీరే రాయండి.